ఒక్క చెరువు చుట్టూ నాలుగు సార్లు తిరుగు

ప్రశ్న:

"సార్, నేను ఎమ్మెస్సీ జాగ్రఫీ రెండో సంవత్సరం. మాది జనగామ దగ్గర ఊరు. నాలుగో సెమిస్టర్‌లో ప్రాజెక్టు చేయాలి. 'తెలంగాణలో చెరువులపై పట్టణీకరణ ప్రభావం' అని టాపిక్ ఇచ్చాను, గైడ్ గారు సరే అన్నారు. తర్వాత ఎటు నుంచి మొదలుపెట్టాలో అర్థం కావడం లేదు. ప్రాక్టికల్ రికార్డులో స్కేళ్లు, ప్రొజెక్షన్లు గీశాం. జీఐఎస్ ల్యాబ్‌లో చెప్పిన బటన్లు నొక్కాం. ఫీల్డ్ ట్రిప్ అంటే బస్సులో వెళ్లి గ్రూప్ ఫొటో దిగి వచ్చాం. అమీర్‌పేటలో మూడు నెలల జీఐఎస్ కోర్సు పాతిక వేలు అంటున్నారు, చేరమంటారా? ఊళ్లకు ఒంటరిగా తిరగడానికి ఇంట్లో ఒప్పుకోవడం లేదు. పాత ప్రాజెక్టు ఒకటి తెచ్చి ఊరి పేర్లు మార్చుకుంటే సరిపోతుందని సీనియర్లు అంటున్నారు. నాకు అలా చేయాలని లేదు. నా ఇంగ్లిషు కూడా అంతంత మాత్రమే."

(ఒక పాఠకురాలు, జనగామ జిల్లా)

సమాధానం:

అమ్మా, ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన అలవాటు, నీ వయసు పిల్లల్ని మీరు అనలేను. నువ్వు అనే రాస్తాను, ఏమనుకోకు.

ముందు పాతిక వేల సంగతి తేల్చేద్దాం. చేరకు. ఇప్పుడైతే అస్సలు చేరకు. నీ ప్రాజెక్టుకు కావలసిన సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు చేసేది), అది ఉచితం. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్ ఇంటి నుంచే చేసుకునే రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ కోర్సులు నడుపుతుంది, ఫీజు ఉండదు, సర్టిఫికెట్ కూడా ఇస్తుంది. రోజుకు రెండు గంటల చొప్పున మూడు వారాలు కూర్చుంటే నీకు అవసరమైనంత చేయి తిరుగుతుంది. చదువయ్యాక ఉద్యోగం కోసం కోర్సు చేస్తానంటే అది వేరే లెక్క. నీ ఉత్తరంలో నాకు కనిపించిన లోటు సాఫ్ట్‌వేర్‌ది కాదు. నీ దగ్గర టాపిక్ ఉంది, ప్రశ్న లేదు.

'తెలంగాణలో చెరువులపై పట్టణీకరణ ప్రభావం' అన్నావు. ఏ చెరువు? ప్రభావం దేని మీద, నీటి మీదా, శిఖం (నీళ్లు నిలిచే చెరువు లోపలి) భూమి మీదా, చేపల మీదా, ఆయకట్టు మీదా? ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా? ఇవి అడగకుండా నీ గైడ్ గారు సరే అన్నారంటే ఆయన చేతిలో ఇంకో పాతికమంది పిల్లలున్నారని అర్థం. తప్పు పట్టను, నేనూ అలా సరే అన్న రోజులున్నాయి. ఆ టాపిక్‌ను ఇలా కుదించి చూడు: 'మా ఊరి చెరువు కింద చివరి మడులకు గత పదేళ్లలో ఎన్ని యాసంగులు (రబీ పంటలు) తూము నీళ్లు అందాయి? అందని ఏళ్లలో రైతులు ఏం చేశారు?' అట్ట మీద వేసుకోవడానికి ఈ మాట గొప్పగా ఉండదు. కానీ రేపు పొద్దున చెప్పులేసుకుని ఎటు నడవాలో చెబుతుంది. పట్టణీకరణ అందులో ఉంటే అదే బయటపడుతుంది. ప్లాట్లు ఎవరి పొలంలో పడ్డాయి, ఎందుకు అమ్ముకున్నారు అన్నది చివరి మడుల కథలోనే ఉంటుంది.

ఊరు ఎంచుకోవడంలో ఇంట్లో వాళ్ల భయం నీకు మేలే చేస్తుంది. మీ ఊరో, అమ్మమ్మ ఊరో పెట్టుకో. పడుకోవడానికి చోటు, అన్నం పెట్టే చేయి, 'ఎవరి బిడ్డవు?' అంటే చెప్పుకోవడానికి ఒక పేరు ఉంటాయి. ఆ పేరు వల్ల కొన్ని నోళ్లు తెరుచుకుంటాయి, కొన్ని మూతపడతాయి. మీ వాళ్లకు ఎవరితో గట్టు తగాదా ఉందో ముందే తెలుసుకుని, ఆ ఇంటికి నీ క్లాస్‌మేట్‌ను పంపు. ఇద్దరు అమ్మాయిలు ఒప్పందం చేసుకోండి: నీ ఊరికి ఆమె నాలుగు రోజులు, ఆమె ఊరికి నువ్వు నాలుగు రోజులు. డిపార్ట్‌మెంట్ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాయించుకుని, సర్పంచ్‌కో పంచాయతీ కార్యదర్శికో చూపించి, తర్వాతే కట్ట ఎక్కండి. చీకటి పడకముందే ఇంటికి చేరండి. ఇంకొక మాట. చెరువులో మొరానికీ మట్టికీ తవ్విన గుంతలు ఎంత లోతుంటాయో పైకి తెలీదు. నీళ్లున్న రోజుల్లో కొలతల కోసమని లోపలికి దిగొద్దు.

ఇప్పుడు అసలు పని. ఆ చెరువు దగ్గరికి ఏడాదిలో నాలుగు సార్లు వెళ్లాలి. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో నిండుగా ఉన్నప్పుడు ఒకసారి. వానకాలం వరి కోతలై రైతుకు కాస్త తీరిక దొరికాక, డిసెంబర్‌లో ఒకసారి. యాసంగి నాట్లప్పుడు, జనవరిలో. ఏప్రిల్ ఆఖరున అడుగు తేలినప్పుడు చివరిసారి. మొదటిసారి కనిపించనిది రెండోసారి కనిపిస్తుంది. మొదటిసారి చెప్పనిది మూడోసారి చెబుతారు. మా దగ్గర ప్రాజెక్టులు చేసిన పిల్లల్లో ఎక్కువమంది ఊరికి ఒక్కసారే వెళ్లి, నలభై ఫారాలు నింపుకుని వచ్చి, మిగతా నెలలన్నీ ఆ ఫారాల్లో లేనిదాన్ని ఊహించుకుంటూ గడిపారు.

మొదటిసారి ప్రశ్నల కాగితం తీసుకెళ్లకు. ఒక నోటుబుక్కు, పెన్సిలు, టోపోషీటు చాలు. పెన్ను వద్దు, తడిస్తే అలుక్కుపోతుంది. సర్వే ఆఫ్ ఇండియా ఓపెన్ సిరీస్ పటాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. నీకు కావలసింది 1:50,000 షీటు, అంటే పటం మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. జనగామ పట్టణం పాత లెక్కలో 56 ఓ/2 షీటులో పడుతుంది. కొత్త సిరీస్‌లో అదే చోటు ఈ44తో మొదలయ్యే నంబరు కింద ఉంటుంది. పాత షీటు డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉంటే అదీ ఒకసారి అడిగి చూడు. అందులో చెరువు కట్ట పక్కన '5ఆర్' లాంటి గుర్తు కనిపిస్తుంది. చుట్టుపక్కల నేల కంటే కట్ట అయిదు మీటర్ల ఎత్తని దాని అర్థం. నువ్వు అక్కడికెళ్లి ఇప్పుడు ఎంతుందో కొలువు. మేస్త్రీల దగ్గర నీళ్లు పోసిన లెవెల్ పైపు ఉంటుంది చూడు, పారదర్శకమైన సన్న గొట్టం, దాంతో అలుగు (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) ఎత్తూ కట్ట ఎత్తూ చక్కగా కొలవచ్చు. ఒక రోజు కూలి ఇచ్చి మేస్త్రీనే పిలుచుకో. ఖరీదైన పరికరం లేదని ఆగిపోవద్దు.

కట్ట పొడవు అడుగులతో కొలువు. ముందుగా కాలేజీ గ్రౌండ్‌లో వంద మీటర్లు టేపుతో గుర్తు పెట్టుకుని మూడుసార్లు మామూలుగా నడిచి, నీకు ఎన్ని అడుగులు పడుతున్నాయో సగటు తీసి నోటుబుక్కు అట్ట లోపల రాసుకో. ఫోన్ జీపీఎస్ ఆరుబయట దాదాపు అయిదు మీటర్ల తేడాలో చోటు చెబుతుంది. చెట్ల కింద ఇంకా తప్పుతుంది, ఎత్తు విషయంలో దాన్ని నమ్మనే వద్దు. రెండు లెక్కలూ పక్కపక్కన రాయి.

నోటుబుక్కు గురించి కాస్త సాగదీస్తాను. ఎడమ పేజీ బొమ్మకు, కుడి పేజీ మాటలకు. కుడి పేజీలో ప్రతి వాక్యం ముందు ఒక అక్షరం పెట్టు. కంటితో చూసింది 'చూ', ఎవరో చెప్పింది 'వి', నీకు తోచింది 'అ'. ఉదాహరణకు: 'చూ: తూము దగ్గర రాయి కదిలింది, సిమెంటు కొత్తది. వి: రెండేళ్ల కింద కట్టారని పశువుల కాపరి చెప్పాడు. అ: నీళ్లు కారడం ఆగలేదు, కింద మడిలో తుంగ మొలిచింది కాబట్టి.' చివర్లో రాయడానికి కూర్చున్నప్పుడు ఈ మూడూ కలిసిపోయి ఉంటే విడదీయడం నీ వల్ల కాదు. ఎవరి వల్లా కాదు. ఆ రాత్రే, అన్నం తిన్నాక, పడుకునే ముందు, పగటి గీతల్ని చక్కగా తిరగరాసుకో. తెల్లారితే సగం పోతుంది.

ఇక శాటిలైట్. హైదరాబాద్‌లోని ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ నడిపే భూనిధి వెబ్‌సైటులో మన ఉపగ్రహాల చిత్రాలు దొరుకుతాయి. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం. యూరప్ సెంటినెల్-2 మొదటిది 2015లో ఎగిరింది. ఏది వాడాలో తేల్చుకునేందుకు మన ఊరి లెక్క ఒకటి చెబుతాను, మరిచిపోవు. సెంటినెల్ చిత్రంలో ఒక గడి (పిక్సెల్) పక్క పది మీటర్లు, అంటే నూరు చదరపు మీటర్లు. మన గుంట 121 చదరపు గజాలు, అంటే 101 చదరపు మీటర్లు. ఒక గడి అంటే ఒక గుంట! ఎకరానికి నలభై గడులు. ల్యాండ్‌శాట్ గడి ముప్పై మీటర్లు, తొమ్మిది గుంటలు మింగేస్తుంది. ఎకరం నాలుగున్నర గడుల్లో అయిపోతుంది. అయిదెకరాల కుంటను ల్యాండ్‌శాట్‌లో చూస్తే ఇరవై రెండు గడులు, అందులో చాలావరకు ఒడ్డు మీదివే, సగం నీళ్లు, సగం నేల. ఆ కుంట పదేళ్లలో పది శాతం తగ్గిందని ఎవరైనా రాస్తే ఆ పది శాతం రెండు గడులు. ఆంధ్ర వైపు నేస్తాలుంటే వాళ్లకు సెంట్లలో చెప్పు, సెంటినెల్ గడి రెండున్నర సెంట్లు. కాబట్టి కుంట వద్దు, ముప్పై నలభై ఎకరాలకు తగ్గని చెరువు పెట్టుకో.

నీళ్లను విడదీయడానికి ఎన్‌డీడబ్ల్యూఐ అనే సూచిక మీకు ల్యాబ్‌లో చెప్పే ఉంటారు. ఆకుపచ్చ కాంతిలోంచి సమీప పరారుణ కాంతిని తీసేసి, ఆ రెంటి మొత్తంతో భాగించడమే. నీళ్లు సమీప పరారుణాన్ని పీల్చేస్తాయి, ఆకులు వెనక్కి కొడతాయి. అందుకే నీళ్లకు విలువ పైకి, పచ్చదనానికి కిందికి వస్తుంది. ల్యాబ్‌లో ఇది బాగానే పనిచేస్తుంది. ఇప్పుడు చెరువంతా గుర్రపుడెక్క కమ్మేసిందనుకో. కింద పది అడుగుల నీళ్లున్నా కంప్యూటర్ దాన్ని పచ్చని పొలం అంటుంది. నువ్వు పటంలో 'నీటి విస్తీర్ణం సగానికి తగ్గింది' అని రాస్తావు. చేపలు పట్టే ముదిరాజులను అడిగితే, 'నీళ్లేం తగ్గలే బిడ్డా, వల ఎయ్యనీకి జాగ లేదు' అంటారు. ఆ ఒక్క మాటలో నీ ప్రాజెక్టులోని ఒక అధ్యాయం ఉంది.

రెండో ఉచ్చు ఏళ్లను ఎంచుకోవడం. 2015 మనకు కరువు ఏడు. 2020 అక్టోబర్‌లో కురిసిన వాన హైదరాబాద్‌ను ముంచేసింది. 2015 నవంబర్ చిత్రం, 2020 నవంబర్ చిత్రం పక్కపక్కన పెడితే ఏ చెరువైనా పెరిగినట్టే కనిపిస్తుంది. మధ్యలో ఏ పథకం వచ్చినా ఆ పెరుగుదల దాని ఖాతాలో వేసుకోవచ్చు. రెండు చిత్రాలతో చేసే 'మార్పు అధ్యయనాలు' నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. పదేళ్లు తీసుకో, ఏడాదికి రెండు చిత్రాలు, నవంబర్ చివర ఒకటి, ఏప్రిల్ చివర ఒకటి. సెంటినెల్ చిత్రం దొరకని ఏడాది ఉంటే దానికి ల్యాండ్‌శాట్-8 వాడుకుని, అక్కడ గడి పెద్దదని పటం కిందే రాసెయ్. పక్కనే మండలం వర్షపాతం గీత గీయి. ఆ అంకెలు జిల్లా ముఖ్య ప్రణాళిక అధికారి ఆఫీసులో ఉంటాయి. వెళ్లి అడిగితే ఇస్తారు. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు, ముప్పై రోజుల గడువు. ఈ దరఖాస్తు ప్రాజెక్టు చివర్లో కాదు, ఇప్పుడే పెట్టు.

మా విద్యార్థి ఒకడు ఇవన్నీ చేశాడు. పదేళ్ల చిత్రాలు, వర్షపాతం, అన్నీ. వాన తక్కువ పడిన ఏడాదిలో కూడా చెరువు నిండుగా కనిపించింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఆ చెరువు పూడిక తీశారు కాబట్టి నీళ్లు నిలిచాయని రాసుకొచ్చాడు. చదవడానికి ఎంత ముచ్చటగా ఉందో! ఊరికి వెళ్లి అడిగావా అన్నాను. వెళ్లలేదు. పంపించాను. చెరువు కట్ట మీద కూర్చున్న ముసలాయన నవ్వి, 'ఇవి వాన నీళ్లు కావు బాబూ, దేవాదుల నీళ్లు' అన్నాడట. మీ జనగామ వైపు చాలా చెరువుల్ని గోదావరి నుంచి ఎత్తిపోసిన నీళ్లతో నింపుతున్నారు కదా, ఆ కాలువ సంగతి ఉపగ్రహానికి తెలీదు. వాడు ఆ వారమంతా మొహం మాడ్చుకుని తిరిగాడు. తర్వాత ఏం చేశాడంటే, కాలువ నీళ్లు వచ్చిన ఏళ్లు, రాని ఏళ్లు విడగొట్టి మళ్లీ చూశాడు. కాలువ నీళ్లొచ్చిన చెరువు కింద కూడా చివరి మడులు ఎండిన ఏళ్లున్నాయి. ఎందుకో తెలుసుకోవడానికి నీరటిని (మడులకు నీళ్లు వదిలే మనిషిని) వెతుక్కుంటూ పోయాడు. అప్పుడు మొదలైంది వాడి పరిశోధన.

నీ చెరువు విషయంలో కూడా మొదట అడగాల్సింది ఇదే: నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? పై చెరువు అలుగు నుంచా, వాగు నుంచా, కాలువ నుంచా? మన చెరువులు గొలుసుకట్టువి. పైనున్న చెరువు శిఖంలో వెంచర్ వేస్తే కింద చెరువు ఎండుతుంది. పట్టణీకరణ ప్రభావం అన్నావే, అది కొన్నిసార్లు నీ చెరువు ఒడ్డున కాదు, మూడు కిలోమీటర్లు పైన ఉంటుంది. 'ఒక్క చెరువు చూస్తే ఏం తెలుస్తుందమ్మా?' అని వైవాలో అడుగుతారేమోనని భయముంటే అదే వాగు మీద పైన ఒకటి, కింద ఒకటి పైపైన చూసిరా. నీదాన్ని మాత్రం లోతుగా చూడు.

చిత్రాన్ని నేలతో పోల్చడానికి పాయింట్లు పెట్టుకోమని పుస్తకాల్లో ఉంటుంది. పాయింట్లను ఇంట్లోనే, కంప్యూటర్ చేత యాదృచ్ఛికంగా వేయించుకుని, ఆ చోట్లకే వెళ్లు. అక్కడికెళ్లాక ఎంచుకుంటే అన్నీ రోడ్డు పక్కవే ఎంచుకుంటావు. నీళ్లు, నాచు, తడి మట్టి, తుమ్మ చెట్లు, పైరు, ఇలా ఒక్కో రకానికి ముప్పైకి తగ్గకుండా ఉంటే చాలు. రెండు చోట్ల జాగ్రత్త. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ అనే భూగోళ నమూనా మీద గీసినవి, నీ ఫోన్ డబ్ల్యూజీఎస్ 84 అనే ఇంకో నమూనా మీద చోటు చెబుతుంది. మార్చకుండా ఒకదాని మీద ఒకటి పెడితే కట్ట జరిగిపోయి పక్కవాళ్ల పొలంలో తేలుతుంది. పటాల కోసం భూమిని నిలువు పట్టీలుగా కోస్తారు, వాటినే యూటీఎం జోన్లు అంటారు; జనగామకు 44. మీ క్లాసులో నారాయణపేటవాళ్లో జహీరాబాద్‌వాళ్లో ఉంటే వాళ్లది 43, ఎందుకంటే 78 డిగ్రీల రేఖ మధ్యలో పోతుంది. ఒకరి ఫైలు ఇంకొకరు తీసుకుంటే తిప్పలే.

జనాభా, భూమి లెక్కల్లో ఇంకో తిరకాసుంది. మీ జనగామ జిల్లా పుట్టింది 2016 అక్టోబర్ 11న. 2011 జనగణనలో ఆ పేరుతో జిల్లా ఉండదు, పాత వరంగల్‌లో వెతకాలి. ఇంకా వెనక్కి, 1981కి పోతే మండలమే ఉండదు, తాలూకా ఉంటుంది. మండలాలొచ్చింది 1985లో కదా. జిల్లా అంకెల్ని జిల్లా అంకెలతో పోల్చి 'జనాభా తగ్గిపోయింది' అని రాసిన ప్రాజెక్టును నేను స్వయంగా దిద్దాను. ఊరి స్థాయికి దిగిపో. 2011లో ప్రతి ఊరికీ ఆరంకెల కోడు ఇచ్చారు, దాన్ని పట్టుకుంటే ఏ జిల్లాలో ఉన్నా ఊరు దొరుకుతుంది.

మనుషుల దగ్గరికి వద్దాం. ఇక్కడ నా పరువు పోయిన కథ ఒకటి చెప్పుకోవాలి. ఎమ్మేలో ఉండగా నేనూ ఇలాగే ఒక ఊరికి వెళ్లాను, అరవై రెండు ప్రశ్నల సైక్లోస్టైల్ కాగితాలతో. మొదటి ప్రశ్న పేరు, రెండోది కులం, మూడోది 'మీకు మొత్తం ఎంత భూమి ఉంది?'. భూ సంస్కరణల చట్టం వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు, ఆ ప్రశ్న అడగడానికి అంతకంటే చెడ్డ కాలం లేదు. పది రోజులు తిరిగి, ఆ చెరువు కింది రైతులందరి జవాబులూ కూడితే పహాణీలో (ఊరి భూమి రికార్డులో) ఉన్న ఆయకట్టులో సగం కూడా రాలేదు. మిగతా సగం గాలిలో కలిసిపోయింది! టీ బంకు దగ్గర తల పట్టుకుని కూర్చుంటే ఒక ముసలమ్మ జాలిపడి అంది: 'భూమి ఎంతని అడిగితే ఎవడు చెప్తడు కొడుకా? ఇత్తనం ఎంత పట్టిందని అడుగు.' నారుకు ఎన్ని వడ్లు పోశారని అడగడం మొదలుపెట్టాను. ఎకరానికి పాతిక కిలోల విత్తనం లెక్కన భాగిస్తే భూమి తిరిగొచ్చింది. ఇప్పుడు భయం వేరు. నువ్వు కాగితం తీయగానే, 'రైతు భరోసా పైసల కోసమా బిడ్డా?' అని అడుగుతారు. కాదని చెప్పు, చదువు కోసమని చెప్పు, పేరు రాయనని చెప్పు, ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదని చెప్పు. తర్వాతే మొదలుపెట్టు.

ప్రశ్నలు పద్నాలుగు పదిహేను దాటనివ్వకు. ముందు అయిదుగురి మీద అడిగి చూసి, ఏ ప్రశ్న దగ్గర వాళ్లు తల గోక్కున్నారో అది మార్చు. 'నీటి లభ్యత ఎలా ఉంది?' అని అడిగితే 'మంచిగనే ఉంది' అంటారు, అక్కడితో సరి. 'అలుగు చివరిసారి ఎప్పుడు పారింది?' అని అడుగు, కళ్లు వెలుగుతాయి. అలుగు పారిన ఏడు ఊరికి పండగ, అది ఎవరూ మరిచిపోరు. సంవత్సరం గుర్తు రాకపోతే, నోట్లు రద్దయిన ఏడుకు ముందా తర్వాతా, తెలంగాణ వచ్చినాకనా, లాక్‌డౌన్ ఏడా అని పట్టు ఇవ్వు. మీ మనవడు పుట్టాడా అప్పటికి అని అడిగినా దారి దొరుకుతుంది. ఇలా వచ్చిన ఏళ్లను నీ ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూడు. కలిస్తే సంతోషం. కలవకపోతే ఇంకా సంతోషం, తవ్వడానికి ఏదో ఉందన్నమాట.

ఎవరిని అడగాలి అన్నది లెక్క ప్రకారం తేల్చుకో. ఆయకట్టును మూడు ముక్కలు చెయ్: తూము దగ్గరి మడులు, నడిమివి, చివరివి. ఒక్కో ముక్క నుంచి చీటీలు తీసినట్టు సమానంగా రైతుల్ని తీసుకో. ఇంటి ముందు అరుగు మీద దొరికినవాళ్లనే అడిగితే ఎక్కువగా తూము దగ్గరి పెద్ద రైతులే దొరుకుతారు. చివరి మడివాళ్లు కూలికో హైదరాబాద్‌కో పోయి ఉంటారు. వాళ్ల కోసం ఆదివారం వెళ్లాలి, ఫోన్ చేసి వెళ్లాలి. రైతులతోనే ఆపెయ్యకు. చేపల సొసైటీవాళ్లకు నీళ్లు ఆగాలి, రైతుకు నీళ్లు వదలాలి. కట్ట మీద కల్లు గీసే గౌడన్నకు ఏ తాటి చెట్టు ఎప్పుడు కూలిందో గుర్తుంటుంది. మట్టి కోసం చెరువులో దిగే కుమ్మరికి పూడిక ఎంతుందో నీ గైడ్ గారి కంటే బాగా తెలుసు. 2020లో తెలంగాణలో వీఆర్వోలను తీసేశారు, కాబట్టి పాత రికార్డులు నోటికి చెప్పగల మాజీ వీఆర్వో ఎవరైనా ఊళ్లో ఉంటే ఒక పూట ఆయన దగ్గర కూర్చో. అన్నిటికంటే ముందు నీరటి. ఏ రాత్రి ఎవరి మడికి నీళ్లు తిప్పాడో అతనికి తెలుసు, తిప్పమని ఎవరు బెదిరించారో కూడా తెలుసు.

శిఖం ఎవరు ఆక్రమించారో నీకు తెలిసిపోతుంది. వద్దన్నా చెబుతారు. అది పేరుతో, సర్వే నంబరుతో ప్రాజెక్టులో రాయకు. నువ్వు వెళ్లిపోతావు, చెప్పినవాడు అక్కడే ఉండాలి. రైతులకు ఆర్-1, ఆర్-2 అని గుర్తులు పెట్టి, పేర్ల జాబితాను వేరే కాగితం మీద ఇంట్లో దాచుకో. విస్తీర్ణం ఎంత పోయిందో చూపిస్తే నీ ప్రశ్నకు సరిపోతుంది.

పాత ప్రాజెక్టులో పేర్లు మార్చే సీనియర్లకు ఒక కబురు చెప్పు. యూజీసీ 2018 నిబంధనల్లో పోలిక పది శాతం దాటితే తంటా మొదలవుతుంది, అరవై దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. నిజానికి ఆ శాతాలు నాకు పెద్దగా పట్టవు. పేరు మార్చిన ప్రాజెక్టును మూడో పేజీలోనే పట్టుకోవచ్చు. ఏ ఊరు చూసినా 'నల్లరేగడి, ఎర్ర నేలలు ఉన్నాయి' అని ఉంటుంది, ఏ వాడ ఏ నేల మీద ఉందో ఉండదు. పాత థీసిస్‌లు మాత్రం తప్పకుండా చదువు. థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైటులో చెరువుల మీద బోలెడున్నాయి. ముందుమాట, ఉపసంహారం వదిలేసి పద్ధతుల అధ్యాయం చదువు. వాళ్లు ఏం కొలిచారు, దేనితో కొలిచారు, ఎన్నిసార్లు వెళ్లారు. చెప్పకుండా దాటేస్తే ఆ థీసిస్ పక్కన పెట్టెయ్.

ఇంగ్లిషు గురించి. ఫీల్డ్ నోట్సు తెలుగులోనే రాయి. అలుగు, తూము, శిఖం, నీరటి, యాసంగి, ఈ మాటల్ని అనువదించకు. ప్రాజెక్టులో కూడా ఇంగ్లిషు అక్షరాల్లో అవే మాటలు పెట్టి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క వాక్యంలో అర్థం చెప్పు. మిగతాది చిన్న చిన్న వాక్యాల్లో రాయి. వైవాకు బయటి నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది 'ఈ అంకె ఎక్కడిది?' అని. నోటుబుక్కు సంచిలో పెట్టుకుని వెళ్లు. అడిగినప్పుడు ఆ తేదీ పేజీ తీసి చూపించు. నేను ఎగ్జామినర్‌గా వెళ్లిన రోజుల్లో అలా బురద మరకలున్న నోటుబుక్కు తీసిన పిల్లలు నాకు ఇద్దరే గుర్తున్నారు. వాళ్ల ఇంగ్లిషు ఎలా ఉండేదో మాత్రం గుర్తు లేదు.

ఇప్పుడు సెప్టెంబర్ నడుస్తోంది. ఈ వారం షీటు దింపుకో, గైడ్ గారి దగ్గర ప్రశ్న మార్చుకో, లెటర్‌హెడ్ మీద సంతకం తీసుకో. వచ్చే ఆదివారం మీ చెరువు కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి ఎన్ని అడుగులొచ్చాయో, అలుగు పారుతోందో లేదో నాకు రాయి. రెండో ఉత్తరానికి జవాబు ఇంత పొడుగు రాయనులే.